“ఇది నాను రాయలేదు కద టీచర్”

నేను విజయనగరం జిల్లాలో ఒక మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో టీచర్ని. ఇద్దరం టీచర్లం, ఒకటి నుంచి ఐదు వరకు కలిపి ముప్ఫై మంది లోపు పిల్లలు. ఈ మూడేళ్లలో మా పిల్లలు రాసి, బొమ్మలు వేసిన 14 చిన్న పుస్తకాలు ఇంటర్నెట్‌లోకి వెళ్లాయి. ట్రైనింగుల్లో కలిసినప్పుడు వేరే బడుల టీచర్లు “ఎలా చేశారు మేడమ్” అని అడుగుతుంటారు. టీ తాగే టైములో చెప్తే అయ్యే సంగతి కాదు. అందుకే జరిగింది జరిగినట్టు, నేను చేసిన తప్పుతో సహా రాస్తున్నాను.

కోవిడ్ తర్వాత బడులు తెరిచేసరికి మూడో తరగతిలో సగం మందికి గుణింతాలే రావు. పాఠ్యపుస్తకం తీస్తే పిల్లలు బెదిరిపోతున్నారు. పిల్లల పుస్తకాలు వేసే ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్లో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా దొరుకుతాయి. పేజీకి రెండు మూడు వాక్యాలుండే కథలు ఏరి, ప్రింట్లు తీయించి, సూదీ దారంతో కుట్టి తాడు మీద వేలాడదీశాను. చదవడం నెమ్మదిగా దారికి వచ్చింది. ఒకరోజు మూడో తరగతి పాప ఒకతి అట్ట మీద పేరు వేలితో చూపించి “ఈవిడెవరు టీచర్?” అంది. కథ రాసినావిడ అన్నాను. కాసేపు ఆ పేరే చూసి, “మనం రాస్తే మన పేరు కూడా ఏస్తారేటి?” అంది. వేస్తారు అనేశాను. ఆ మాట నిలబెట్టుకోవడానికి ఎంత తిరగాలో అప్పుడు నాకు తెలీదు.

స్టోరీవీవర్‌లో చదవడమే కాదు, ఖాతా తెరుచుకుని మన కథని పేజీల వారీగా కూర్చి, మన బొమ్మలు ఎక్కించి మనమే ప్రచురించవచ్చు. పిల్లల రాతలు ఇంటర్నెట్‌లో పెట్టడం మాతో మొదలైంది కూడా కాదు. అనంతపురం వైపు నుంచి ‘కొత్తపల్లి’ అనే పిల్లల పత్రిక 2008లోనే మొదలై, బడి పిల్లల కథల్ని అచ్చులోనూ నెట్‌లోనూ తెచ్చింది. అది చూశాకే నాకు ధైర్యం వచ్చింది.

ముందు రాయించడం. కథ రాయమంటే అందరూ ‘అనగనగా ఒక రాజు’ అని మొదలుపెట్టి, ‘కావున మనం అబద్ధాలు ఆడరాదు’ అని ముగించారు. అవి మేం నేర్పిన వాక్యాలే. వారం తర్వాత ప్రశ్న మార్చాను. “నిన్న బడి వదిలాక ఏం జరిగింది?” అని అడిగాను. అప్పుడు వచ్చాయి అసలు కథలు. జీడిపిక్కలు కాల్చుకు తింటే జీడి అంటుకుని పెదవి పొక్కిన కథ. సిరిమాను జాతరలో అప్ప చెయ్యి వదిలేసి తప్పిపోయి, బొంగరాలమ్మే తాత దగ్గర కూర్చున్న కథ. చిన్నాన్న కొత్త ట్రాక్టరుకి నిమ్మకాయలు తొక్కించిన కథ. వాడేసిన పేపర్ల వెనక వైపు పెన్సిలుతో రాశారు. బడిలో ఎప్పుడూ నోరెత్తని పిల్లాడు నాలుగు పేజీలు నింపాడు.

టైపింగ్ దగ్గర పెద్ద దెబ్బ తగిలింది. టౌన్లో డీటీపీ చేసే అబ్బాయికి పదకొండు కథలు ఇచ్చి, డబ్బులు కట్టి, పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకున్నాను. అతని కంప్యూటర్లో ముత్యాల్లా ఉన్న అక్షరాలు ఇంటర్నెట్‌లో పేస్ట్ చేసేసరికి ఇంగ్లిషు అక్షరాలూ, గుర్తులూ కలిసిన గందరగోళంగా మారాయి. అతని తప్పేమీ లేదు. ప్రెస్సు పనికి ఇప్పటికీ పాత ఫాంట్లు వాడతారు. వాటిలో లోపల ఉండేది ఇంగ్లిషు అక్షరాల నంబర్లే, పైకి తెలుగు ఆకారం తొడుగుతారు. ఆ ఫాంటు లేని చోట ముసుగు ఊడిపోతుంది. యూనికోడ్ అలా కాదు, అది అన్ని భాషల అక్షరాలకీ వేరు వేరు నంబర్లిచ్చే ఉమ్మడి పద్ధతి. అందులో తెలుగు కోసమే 128 స్థానాలు విడిగా కేటాయించారు, ‘అ’ ఏ ఫోన్లో చూసినా ‘అ’నే. నెట్‌లో పెట్టాలనుకునేవాళ్లు టైపింగ్‌కి ఇచ్చే ముందే “యూనికోడ్‌లో కావాలి” అని చెప్పండి. నాకు తెలియక డబ్బూ, నెల రోజులూ పోయాయి.

తర్వాత ఫోన్లో మైకు నొక్కి పిల్లల చేత చదివించాను. అదీ కుదరలేదు. వాళ్లు “ఎలిపోనాది” అంటే అది “వెళ్లిపోయింది” అని రాస్తుంది, లేదా ఇంకేదో రాస్తుంది. అప్పుడు నేను దాన్ని ఇబ్బందిగానే చూశాను గానీ, అందులో ఉన్న అసలు సంగతి నా బుర్రకి ఎక్కలేదు.

ఇక పిల్లలే టైప్ చేశారు. నా ఫోను, ఇంకో టీచర్ ఫోను, మధ్యాహ్న భోజనం అయ్యాక ఇరవై నిమిషాలు. ఒక్కొక్కరికి ఒక్కో పేజీ. మొదటి రెండు రోజులు ‘అమ్మ’ టైప్ చెయ్యడమే గగనం. ‘మ’ కింద ‘మ’ ఎలా పెట్టాలో నాకూ సరిగ్గా తెలీదు. ఒక నాలుగో తరగతి పిల్లాడు కీబోర్డు మీద అన్నీ నొక్కి చూస్తూ, పొల్లు గుర్తు నొక్కి దాని వెనకే ఇంకో ‘మ’ నొక్కాడు. కళ్లముందే రెండో ‘మ’ మొదటిదాని కిందకి చేరింది. వాడు ఎగిరి గంతేశాడు. “పొల్లు కొట్టి అక్షరం కొడితే కిందకి జారిపోతాది టీచర్!” ఆ మధ్యాహ్నమంతా బడిలో ఒత్తుల పండగే. అక్క, అత్త, బొమ్మ, కుక్క, సున్నిపిండి. ‘స్త్రీ’ అనే మాటకి ఎన్నిసార్లు పొల్లు కొట్టాలో పందాలు కాశారు. అక్షరం కింద ఒత్తు ఎందుకు వస్తుందో, అక్కడ పై అక్షరంలోని అచ్చు ఎలా పోతుందో పదేళ్లుగా నల్లబల్ల మీద చెప్తున్నాను. అంత బాగా అర్థం కావడం నేను చూడలేదు.

అప్పటికి మూడు కథలు పైకి వెళ్లాయి. నాలుగోది గోరింక కథ. అది పాప అసలు పేరు కాదు, కలం పేరు. ఆ సంగతి తర్వాత చెప్తాను. ‘మనం రాస్తే మన పేరు ఏస్తారేటి’ అని అడిగిన పాపే ఈ గోరింక. ఆమె నోట్‌బుక్కులో రాసుకున్నది ఇదీ:

“రాత్రి మా ఆవు ఈనింది. దూడ లెగలేదు. మా తాత దాని ముక్కులో గడ్డిపరక పెట్టినాడు. ఊదినాడు. లెగలేదు. ఆవు దాన్ని నాకతానే ఉన్నాది. మా తాత తువాలు నోట్లో కుక్కుకున్నాడు. తెల్లారీసరికి దూడని ఎత్తుకెలిపోనాడు. ఆవు కట్టు తెంపీసుకున్నాది. మా అమ్మ జున్ను వండలేదు.”

అంతే కథ. నేను ఆ సాయంత్రం ఇంటికి తీసుకెళ్లి ‘సరిచేశాను’. తువాలు నోట్లో కుక్కుకోవడం బాగోదనిపించి తీసేశాను. ‘దూడ చనిపోయింది. ఆవు, తాతయ్య ఎంతో బాధపడ్డారు’ అని రాశాను. చివర ‘మనం మూగజీవాలను ప్రేమించాలి’ అని చేర్చాను. జున్ను సంగతి కథకి సంబంధం లేదనుకుని కొట్టేశాను. బొమ్మలు కూర్చి, ప్రచురించే బటన్ నొక్కే ముందు బడిలో స్మార్ట్ టీవీకి పెట్టి అందరి ముందూ చదివించాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. గోరింక కొట్టలేదు. టీవీ దగ్గరకి వచ్చి చివరి వాక్యం మీద వేలు పెట్టి, “ఇది నాను రాయలేదు కద టీచర్” అంది.

ఇలా అయితే బాగుంటుందమ్మా అన్నాను. ఆమె ఏడవలేదు, గొడవ చెయ్యలేదు. “మా తాత తువాలు ఏదీ?” అంది.

నాకు నోట మాట రాలేదు. ఏటా ఆగస్టు 29న గిడుగు రామమూర్తి పంతులు గారి పుట్టినరోజుని తెలుగు భాషా దినోత్సవంగా చేస్తాం. ఆయన మా పక్కన శ్రీకాకుళం జిల్లా మనిషి. జనం మాట్లాడే మాటే పుస్తకాల్లోకి రావాలని జీవితమంతా కొట్లాడారు, సవర పిల్లలకి వాళ్ల భాషలోనే చదువు చెప్పించారు. ఆయన ఫొటోకి దండ వేసి పిల్లల చేత ఉపన్యాసాలు చెప్పించేది నేనే. ఈ పాప తన ఇంటి మాటలో తన తాత గురించి రాస్తే, దాన్ని తుడిచేసి నా వాక్యాలు పెట్టిందీ నేనే. ఫోను చేసిన పనే నేనూ చేశాను. ఫోనుకి ఆ పిల్ల తెలీదు, నాకు తెలుసు.

ముందు వెళ్లిన మూడు కథలూ తీసి చూసుకున్నాను. మూడింటిలోనూ చివర నీతి ఉంది, మూడూ నా చేతి వాక్యాలే. అప్పటికే అవి వాట్సాప్ గ్రూపుల్లో చాలామందికి చేరిపోయాయి. ఆ ముగ్గురు పిల్లలనీ కూర్చోబెట్టి, మీ కథలో నేను వేరే మాటలు పెట్టాను, అలా చెయ్యకూడదు, తప్పు నాదేనని చెప్పాను. ఇద్దరు పర్వాలేదన్నారు. ఒకడు “మరి మీ పేరు కూడా ఎయ్యండి” అన్నాడు. న్యాయమైన మాట.

అప్పటి నుంచి పెన్సిలు పిల్లల చేతిలోనే ఉండాలని పెట్టుకున్నాం. అచ్చుతప్పు కనిపిస్తే చూపిస్తాను, దిద్దాలా వద్దా అన్నది వాళ్లిష్టం. గోరింక ‘తువాలు’ అని రాసింది. పుస్తకంలో ‘తువ్వాలు’ అని ఒత్తు ఉంటుంది చూడు అంటే చూసి, తనే పొల్లు కొట్టి ‘వ’ కొట్టి దిద్దుకుంది. ‘లెగలేదు’ని చూపిస్తే “మా ఇంట్లో అలగే అంటారు” అంది. అది అలాగే ఉంది. పిల్లలకి మంచి భాష నేర్పరా అని అడిగేవాళ్లున్నారు. నేర్పుతాను, నేర్పాల్సిన వేళలో నేర్పుతాను. నోట్సులో రాసేటప్పుడు ‘లేవలేదు’ అని వాళ్లే రాస్తారు. ఎక్కడ ఏది రాయాలో ఎనిమిదేళ్ల పిల్లలకి తెలుస్తుంది, మనం నమ్మాలి అంతే.

ఇక అనుమతుల సంగతి. మండల ఆఫీసులో చెప్పి ఒక కాగితం తెచ్చుకున్నాను, అది తేలిగ్గానే అయింది. తల్లిదండ్రుల దగ్గరే నేర్చుకోవాల్సింది చాలా ఉంది. మొదటి మీటింగుకి ఒక ఫారం తయారుచేశాను. పిల్ల పేరు, తరగతి, బడి పేరు, ఊరు, ఒక ఫొటో. ‘రచయిత పరిచయం’ అందంగా ఉండాలని నా తాపత్రయం. చదివి వినిపించి సంతకాలు, వేలిముద్రలు తీసుకున్నాను. చెన్నైలో తాపీ పనికి వెళ్లిన ఒక నాన్నకి వీడియో కాల్ చేసి చూపించాను. ఒకామె మాత్రం సంతకం పెట్టలేదు. అందరూ వెళ్లిపోయాక గుమ్మం దగ్గర ఆగి, “పిల్ల పేరూ ఊరూ నెట్‌లో ఎక్కితే దాని బాబు వెతుక్కుంటూ వచ్చీస్తాడు మేడమ్. మేం ఇక్కడున్నామని ఆయనకి తెలీకూడదు” అంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆమె మొహమాటానికి పోయి సంతకం పెట్టేసి ఉంటే? మర్నాడు ఆ ఫారాలన్నీ చింపేశాను.

ఫొటో, ఊరు, బడి పేరు, అసలు పేరు, నాలుగూ తీసేశాం. మరి ‘మన పేరు ఏస్తారా’ అన్న మాట ఏమైనట్టు? అక్కడే కలం పేర్లు అక్కరకొచ్చాయి. ఆరుద్ర అసలు పేరు భాగవతుల సదాశివ శంకరశాస్త్రి అని చెప్తే పిల్లలు నోరు తెరుచుకుని విన్నారు. వారం రోజులు బడిలో అదే పని. గోరింక, ఉడత, బుడమకాయ, తాటిముంజె, చివరికి ‘ట్రాక్టర్’ కూడా. ఒకడు సినిమా హీరో పేరు కావాలని పట్టుబట్టాడు. ఆ పేరుకి వేరే మనిషి ఉన్నాడు కదా అంటే ఆలోచించి ‘పందెంకోడి’ అయ్యాడు. సంతకం పెట్టని అమ్మ ఈసారి తనే వచ్చి, కూతురు పెట్టుకున్న పేరు విని నవ్వి వేలిముద్ర వేసింది. ఆ పేరు ఇక్కడ రాయను.

వకీలుగా ఉన్న నా స్నేహితురాలు ఇంకో రెండు సంగతులు చెప్పింది. మన కాపీరైట్ చట్టం ప్రకారం రాసినవాళ్లే హక్కుదారులు. మూడో తరగతి పిల్ల రాసినా ఆ కథ ఆ పిల్లదే, బడిది కాదు, టీచర్ది అసలే కాదు. అయితే మైనర్ చేసుకునే ఒప్పందం చెల్లదు, అందుకని హక్కులిచ్చే చోట పెద్దవాళ్ల సంతకం కావాలి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం కూడా 18 ఏళ్లు నిండని వాళ్లందర్నీ పిల్లలుగానే లెక్కవేస్తుంది, వాళ్ల వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటుంది. ఖాతాలన్నీ నా పేరు మీదే తెరిచాను. పదమూడేళ్లు నిండని పిల్లలకి వయసు అబద్ధం చెప్పి మెయిల్ ఐడీలు తెరిపించడం చాలా చోట్ల చూశాను. దయచేసి అది చెయ్యకండి.

బొమ్మలు ఫోన్‌తో ఫొటో తీసేటప్పుడు కెమెరా సెట్టింగుల్లో లొకేషన్ ఆపేయండి. లేకపోతే ఆ ఫొటో ఎక్కడ తీశారో ఫైలు లోపలే నమోదవుతుంది. పేరు దాచి ఊరు చూపించినట్టవుతుంది. మేం వరండాలో ఎండ నేరుగా పడని చోట పదింటికి తీస్తాం, క్రేయాన్ రంగులు అప్పుడే నిజంగా కనిపిస్తాయి. నోట్‌బుక్కు లేబుల్ మూల కూడా ఫొటోలో పడకుండా చూసుకుంటాం.

స్టోరీవీవర్‌లో పెట్టిన కథ సీసీ బై 4.0 (క్రియేటివ్ కామన్స్) అనే లైసెన్సుతో వెళ్తుంది. రాసినవాళ్ల పేరు చెప్పి ఎవరైనా దాన్ని అచ్చు వేసుకోవచ్చు, ఇంకో భాషలోకి మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. ఇచ్చాక వెనక్కి తీసుకోవడం కుదరదు. దీన్ని పిల్లలకి చెప్పడానికి మా బడి వెనక బావి పనికొచ్చింది. నీళ్లు ఎవరైనా తోడుకోవచ్చు, ఎవరి బావి అని అడిగితే మాత్రం మన పేరు చెప్పాలి. “తోడుకున్న నీళ్లు మళ్లీ పొయ్యమంటే?” అని అడిగాను. “ఎవులు పోస్తారు టీచర్!” అని నవ్వారు. అందుకే కథ పూర్తయ్యాక నెల రోజులు తరగతి గోడ మీద ఉంచుతాం. నెలలోపు ఎప్పుడైనా, ఎందుకో చెప్పకుండానే, ఆ పిల్ల దాన్ని పీక్కోవచ్చు. ఇప్పటికి ఐదుగురు పీక్కున్నారు. నేను ఒక్కరినీ కారణం అడగలేదు.

గోడ దాకా రాని కథ ఒకటుంది. నాలుగో తరగతి పిల్లాడు వాళ్ల నాన్న తాగి వచ్చి కంచం విసిరేసిన రాత్రి గురించి రాశాడు. మా పిల్లలు రాసినవాటిలో అంత బలమైంది ఇంకోటి లేదు. నెట్‌లో పెట్టండి అన్నాడు. రెండు రోజులు ఏం చెప్పాలో తెలీక తిరిగాను. చివరికి పక్కన కూర్చోబెట్టుకుని, “నీకు కలం పేరు ఉంది, మీ నాన్నకి లేదు కదరా. ఊళ్లో అందరూ పోల్చేస్తారు. అప్పుడు ఇంట్లో నీకూ అమ్మకీ ఏమవుతుందో అని నా భయం” అన్నాను. చాలాసేపు నేల మీద గీతలు గీశాడు. “అయితే మీకాడ ఉంచండి. చింపకండి” అన్నాడు. వాళ్లమ్మతో విడిగా మాట్లాడాను, ఆ సంగతులు ఇక్కడ రాయను. ఆ కాగితం నా బీరువాలో ఉంది. పెద్దయ్యాక వాడే వచ్చి అడిగితే ఇస్తాను.

దాన్నుంచి ఇంకో నియమం వచ్చింది, పెట్టింది నేను కాదు, గోరింక. కథలో ఎవరున్నారో వాళ్లకీ చదివి వినిపించాలి కద టీచర్, అంది. దూడ కథ అప్పటికి మళ్లీ మొదట్నుంచి టైప్ చేసింది, జున్ను తిరిగొచ్చింది, తువ్వాలు తిరిగొచ్చింది. వాళ్ల తాతకి చదువు రాదు. ఒక శనివారం బడి వదిలేవేళ ఆయన్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ఆయన లోపలికి రానన్నారు, చెప్పులు విడిచి గుమ్మం దగ్గరే గొంతుక్కూర్చున్నారు. భుజం మీద అదే తువ్వాలు కాబోలు. నేను టీవీ పెట్టబోతే వద్దని, గోరింక నోట్‌బుక్కు తీసి ఆయన పక్కన కూర్చుని వేలు పెట్టి చదివింది.

తువ్వాలు దగ్గరకి వచ్చేసరికి ఆయన ముఖం పక్కకి తిప్పుకున్నారు. ఆమె చదవడం ఆపి చూసింది. వద్దంటారేమో అనుకున్నాను.

“అది కూడా సూసీసినావేటే” అన్నారు.

“ఉంచీనా, తీసీనా?” అంది గోరింక.

“ఉంచు” అన్నారు. లేచి, తువ్వాలు దులుపుకుని, చెప్పులేసుకున్నారు.

ఆ సోమవారం బటన్ గోరింకే నొక్కింది.